పుకారు మొదటి చేతికి, ఫోను నాలుగో చేతికి

ఫోన్ల పుకార్ల కాలం మళ్ళీ వచ్చేసింది. మామిడి చెట్టుకి ఉన్నట్టే దీనికీ ఒక రివాజుంది. కొత్త ఐఫోను సెప్టెంబరులో వస్తుందంటే శీతాకాలం వెళ్ళకముందే పూత మొదలవుతుంది. వేసవికి పిందెలు. వినాయక చవితి దగ్గరపడేసరికి రంగులు, కెమెరాలు, ధర అన్నీ పండి వీధిలో పడతాయి. శామ్‌సంగ్ వాళ్ళ పెద్ద ఫోను ఏడాది మొదట్లో వస్తుంది కాబట్టి దాని బొమ్మలు దసరా నుంచే తిరుగుతుంటాయి.

ఈసారి పెద్దపీట మడత ఐఫోనుది. పుస్తకంలా తెరుచుకుంటుందట. మధ్యలో మడత గీత కనపడదట. రెండు వేల డాలర్ల పైమాటేనట. అన్నీ "అట"లే. నేనిది రాసే నాటికి యాపిల్ వాళ్ళు ఆ ఫోను గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అయినా మా గుండుగొలను సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడే కుర్రాళ్ళని అడగండి, దాని మందం ఎన్ని మిల్లీమీటర్లో చెప్పేస్తారు.

పుకార్లన్నీ అబద్ధాలని నేననను. చాలావరకు నిజమే అవుతాయి. నా అభ్యంతరం వేరే ఉంది. ఆ కబుర్లన్నీ ఫోను కొనే మొదటి మనిషి గురించే. మనలాంటి ఇళ్ళలో ఒక ఫోనుకి ముగ్గురో నలుగురో యజమానులుంటారు. ఆ వరసలో ఆఖరి చేయి చాలా ఇళ్ళలో ఆడమనిషిదే. ఆ చేతికి ఫోను ఎలా పనికొస్తుందో ఏ పుకారూ చెప్పదు.

మా ఇంట్లో వరస చెబుతాను, మీ ఇంట్లోదానితో పోల్చి చూసుకోండి. కొత్త ఫోను మా అబ్బాయికి. వాడి పాతది మా వారికి. ఆయనది నాకు. నాది అత్తయ్యగారికి. ఎవరూ కూర్చుని రాసిన చట్టం కాదిది. నీళ్ళు పల్లానికి పారినట్టు ఫోన్లు ఇటు పారతాయి, అంతే.

ఇప్పుడు ఏ ఫోను ఏం పని చేస్తోందో చూడండి. గ్యాసు బుకింగు నా ఫోనులో. కరెంటు బిల్లు నా ఫోనులో. పాలకీ కూరగాయలకీ ఫోన్‌పే, డ్వాక్రా గ్రూపు లెక్కలు, మా అమ్మాయి కాలేజీ ఫీజు, బ్యాంకు ఓటీపీలు, అత్తయ్యగారి ఆధార్ ఓటీపీలు, అన్నీ ఇందులోనే. ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో "మన మిత్ర" మొదలుపెట్టింది. మొదటి రోజునే 161 సేవలన్నారు. సర్టిఫికెట్ల దగ్గర్నుంచి బిల్లుల దాకా ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేకుండా చేసుకోవచ్చు. మంచిదే. కానీ ఆ పని మా ఇంట్లో ఏ ఫోను మీద పడింది? నా ఫోను మీదే.

అంటే ఇంట్లో దాదాపు అన్నిటికంటే పాత ఫోను అన్నిటికంటే ముఖ్యమైన పని చేస్తోంది. డబ్బు, గుర్తింపు, పత్రాలు దాని మీద నడుస్తున్నాయి. అన్నిటికంటే కొత్త ఫోను ఫొటోలు తీస్తోంది. వాడు చదువుకోడానికీ వాడతాడు, అన్యాయంగా మాట్లాడకూడదు. కానీ చదువుకి పెరిస్కోప్ లెన్సు అక్కర్లేదు కదా!

కిందటేడు అత్తయ్యగారి ఫోనులో బ్యాంకు యాప్ తెరుచుకోవడం మానేసింది. ఏ బ్యాంకన్నది ఇక్కడ అనవసరం, అందరూ చేసేదే అది. ఫోను సాఫ్ట్‌వేరు పాతబడితే భద్రత చాలదని ఆపేస్తారు. వాట్సాప్ కూడా అంతే. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో ఐఫోన్ 6లో ఆగిపోయింది. ఐఫోన్ 6 అంటే ఆషామాషీ ఫోను కాదు. 2014 అక్టోబరులో మన దేశంలో 53,500 రూపాయలతో దిగినప్పుడు దాని గురించి వచ్చినన్ని పుకార్లు సినిమా హీరోల మీద కూడా వచ్చి ఉండవు. పదేళ్ళు బతికింది, తక్కువేం కాదు. కానీ దాని ఆఖరి రోజుల్లో అది ఎవరి చేతిలో ఉండి ఉంటుందో ఊహించండి. ఏ అమ్మమ్మ చేతిలోనో!

ఇక పుకార్లు ఎలా పుడతాయో కాస్త తెలుసుకుంటే మన ఆవేశం సగం తగ్గుతుంది. కొత్త ఫోనుకి తొడుగులు చేసేవాళ్ళకి దాని కొలతలు ముందే కావాలి. అక్కణ్ణుంచి కొన్ని బయటపడతాయి. ప్రభుత్వాల దగ్గర అనుమతికి పెట్టిన కాగితాల నుంచి కొన్ని. విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల నుంచి కొన్ని. మింగ్-చీ కువో అనే విశ్లేషకుడు, బ్లూంబెర్గ్ విలేకరి మార్క్ గుర్మన్ లాంటివాళ్ళు చెప్పేవి కొన్ని. 2010లో అయితే ఏకంగా ఐఫోన్ 4 నమూనాని ఒక ఉద్యోగి కాలిఫోర్నియాలోని బారులో మర్చిపోయాడు, అది వెబ్‌సైటువాళ్ళ చేతిలో పడింది.

వీటిలో నిజమైనవీ ఉన్నాయి, ఉత్తివీ ఉన్నాయి. ఛార్జింగ్ రంధ్రమే లేని ఐఫోను 2021లో వస్తుందని 2019లోనే చెప్పారు. రాలేదు. ఉపగ్రహంతో సందేశం పంపే సౌకర్యం ఐఫోన్ 13కే వస్తుందని 2021లో ఊదరగొట్టారు. అది 2022లో ఐఫోన్ 14తో వచ్చింది. నిజమైందని సంతోషిద్దామంటే ఆ సదుపాయం మొదలైన దేశాల జాబితాలో మన దేశం లేదు. కొల్లేరు లంకల్లో సిగ్నలు అందక గట్లెక్కి ఫోను పైకెత్తి పట్టుకునేవాళ్ళకి అలాంటిది ఎంత ఉపయోగమో ఆలోచించండి. పుకారు లోకమంతా తిరుగుతుంది. సౌకర్యం మాత్రం కొన్ని దేశాల్లోనే దిగుతుంది.

ధరల పుకార్లయితే మరీ విచిత్రం. అవన్నీ డాలర్లలో ఉంటాయి. మనవాళ్ళు డాలరు మారకం రేటుతో గుణించేసి "ఇంతేనా!" అంటారు. ఆ లెక్క ఎప్పుడూ కుదరదు. అమెరికాలో చెప్పే ధరలో అక్కడి అమ్మకం పన్ను కలపరు. మన దగ్గర చెప్పే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. 1,29,999 రూపాయల ఫోను కొంటే అందులో దాదాపు 19,800 రూపాయలు జీఎస్టీయే.

ఒక ఉదాహరణ చూడండి. ఐఫోన్ ప్రో ధర అమెరికాలో 2021, 2022, 2023 మూడేళ్ళూ 999 డాలర్లే. ఇక్కడ 13 ప్రో 1,19,900 రూపాయలు, 14 ప్రో 1,29,900, 15 ప్రో 1,34,900. అక్కడ ఒక్క డాలరు పెరగకుండా ఇక్కడ పదిహేను వేలు పెరిగింది. 2024 జులై బడ్జెట్లో దిగుమతి సుంకం 20 నుంచి 15 శాతానికి తగ్గించారు. "ఫోన్లు చవకైపోతాయి" అని ఒకటే సందడి. మామూలు ఐఫోన్ 15 ఎంత తగ్గిందో తెలుసా? మూడు వందల రూపాయలు! 79,900 కాస్తా 79,600 అయ్యింది. ఆ ఏడాది వచ్చిన 16 ప్రో మాత్రం మళ్ళీ 1,19,900కి దిగింది. అంటే పెరుగుతుందన్నా నమ్మడానికి లేదు, తగ్గుతుందన్నా నమ్మడానికి లేదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మార్చినప్పుడూ అంతే. ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18 శాతానికి దిగాయి. ఫోన్లకీ తగ్గుతుందని కొనడం ఆపుకుని కూర్చున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఫోనుకి అంతకుముందూ 18 శాతమే, ఆ తర్వాతా 18 శాతమే.

చవక ఫోన్ల పుకారు కూడా ఒకటి గుర్తు చేస్తాను, ఖరీదైనవాళ్ళనే అంటున్నానని అనుకోకుండా. 2021లో జియోఫోన్ నెక్స్ట్ 3,499 రూపాయలకే వస్తుందన్నారు. వినాయక చవితికి రావాల్సింది దీపావళికి వచ్చింది. ధర 6,499. పనిమనిషికి కొనిపెడదామని, అమ్మకి కొందామని మూడున్నర వేలు దాచుకున్నవాళ్ళకి ఆ తేడా చిన్నది కాదు.

మడత ఐఫోను పుకారు ధర రెండు వేల డాలర్లు నిజమే అనుకుందాం. 17 ప్రో అక్కడ 1,099 డాలర్లు, ఇక్కడ 1,34,900. అంటే డాలరుకి 122 రూపాయల పైన పడింది. అదే లెక్కన రెండు వేల డాలర్లకి 2,44,000 రూపాయలవుతుంది. ఇది నా వంటింటి లెక్క, కంపెనీ లెక్క కాదు. శామ్‌సంగ్ మొదటి మడత ఫోను 2019లో మన దగ్గర 1,64,999కి వచ్చింది, 2025లో ఫోల్డ్ 7 1,74,999కి వచ్చింది. కాబట్టి చవగ్గా వస్తుందన్న ఆశ ఎవరూ పెట్టుకోకండి.

"కొనేవాడు కొంటాడు, నీకెందుకమ్మా బాధ?" అంటాడు మా వాడు. బాధ కొనడం గురించి కాదు, ఆగడం గురించి. ఆరు నెలల ముందు నుంచి పుకారు వింటూ ఉంటే చేతిలో ఉన్న మంచి ఫోను కూడా పాడైపోయినట్టు కనిపిస్తుంది. ఇంట్లో డబ్బుంటే అది ఆ ఫోను పేరు మీద పక్కన పడిపోతుంది. ఈలోపు అత్తయ్యగారి ఫోను స్పీకరు వినపడక ఆవిడ మనవరాలితో మాట్లాడ్డం తగ్గించేసినా, "పెద్ద ఫోను వచ్చాక అన్నీ ఒకేసారి మారతాయిలే" అని వాయిదా పడుతుంది. పైన నీళ్ళు ఆగితే కింద చేను ఎండుతుంది.

పుకారు నమ్ముకుని ఆగడం ఎంత ఖర్చో చెరువులున్న ఇళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కౌంటు తేలింది, పట్టుబడి చేసేయాలి. ఇంతలో "వచ్చే వారం రేటు పెరుగుతుందట" అని ఒక మాట వాట్సాప్ గ్రూపులో పడుతుంది. వారం ఆగుతారు. ఆ వారం మేత, ఏరియేటర్ల కరెంటు, రోగం వస్తుందేమోనన్న భయం అన్నీ మన ఖర్చే. రేటు పెరిగితే ఆ పెరిగింది వీటికి సరిపోతుంది. పెరగకపోతే చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్యల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ ఎన్ని ఇళ్ళలో పెళ్ళి ముహూర్తాలు, ఫీజులు వెనక్కి వెళ్ళాయో అందరికీ తెలుసు. తమాషా ఏమిటంటే, అదే అమెరికా మన దేశం నుంచి వెళ్ళే ఫోన్లని ఆ సుంకం నుంచి మినహాయించింది. రొయ్యకి వడ్డన, ఫోనుకి మినహాయింపు! రొయ్య అమ్మి ఫోను కొనే ఇల్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని అర్థం.

సరే, ఆఖరి చేతికి పనికొచ్చే సంగతులేమిటి? నాకు తెలిసినవి చెబుతాను.

మొదటిది, అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారన్నది. గూగుల్ పిక్సెల్ 8కి 2023లో ఏడేళ్ళు మాటిచ్చారు. శామ్‌సంగ్ 2024 జనవరిలో ఎస్24కి ఏడేళ్ళన్నారు. నా దృష్టిలో ఈ మధ్య ఫోన్లలో వచ్చిన గొప్ప ఫీచరు ఇదే. కెమెరా కాదు. కానీ ఆ ఏడేళ్ళు ఫోను మార్కెట్లోకి దిగిన రోజు నుంచి లెక్క, నా చేతికి వచ్చిన రోజు నుంచి కాదు. ఎస్24కి 2031తో సరి. దాన్ని 2026లో తగ్గింపు ధరకి కొని, మూడేళ్ళు వాడి నాకిస్తే నాకు మిగిలేది రెండేళ్ళు. తర్వాత అత్తయ్యగారికి ఏమీ మిగలదు. ఈ లెక్క ఏ షాపులోనూ చెప్పరు, మనమే వేసుకోవాలి.

రెండోది బ్యాటరీ. ఐఫోన్ 15 నుంచి వెయ్యి ఛార్జింగుల తర్వాత కూడా బ్యాటరీ 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా చేశామని యాపిల్ చెబుతోంది. అంతకుముందు వాటికి అది ఐదు వందలే. రోజుకొక ఛార్జింగు వేసుకుంటే వెయ్యంటే మూడేళ్ళ లోపే. అంటే బ్యాటరీ సరిగ్గా నా చేతికి వచ్చే వేళకి నీరసపడుతుంది. దాన్ని మార్చడానికి ఎంత, ఏలూరులో మారుస్తారా, విజయవాడ పంపాలా అన్నది కొనేటప్పుడే అడగాలి. తెర పగిలితే ఎంతవుతుందో కూడా అప్పుడే అడగాలి.

మూడోది నీళ్ళు. "ఐపీ68, నీళ్ళలో పడినా ఏం కాదు" అని ప్రతి పుకారులోనూ ఉంటుంది. ఆ పరీక్ష మంచినీళ్ళతో చేస్తారు. చెరువు గట్టు మీద తిరిగేవాళ్ళ ఫోను పడేది ఉప్పు, మందులు, బురద కలిసిన నీళ్ళలో. పైగా ఫోను పాతబడేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుందని కంపెనీలే రాస్తాయి. నీళ్ళు దూరితే మామూలు వారంటీ వర్తించదని కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నాలుగోది, ఈ ఏడాది అన్నిటికంటే ముఖ్యమైనది. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లు వాటిని ఎగరేసుకుపోతున్నాయి. లక్ష రూపాయల ఫోనుకంటే పది పన్నెండు వేల ఫోనుకే ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే దాని ఖరీదులో మెమరీ వాటా ఎక్కువ. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో మన ముఖ్యమంత్రి చేతుల మీదుగా షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదలైంది. శ్రీసిటీలో తయారైన ఆ ఫోను 6,999 రూపాయలు. ఎంతోమంది అమ్మలకి మొదటి స్మార్ట్ ఫోను ఆ ధరలోదే. ఆ తరగతి ఫోన్లు ప్రియమవుతున్నాయన్నది మన ఇళ్ళకి అసలు వార్త. మడత గీత కనపడుతుందా లేదా అన్నదాని కింద ఈ వార్త మునిగిపోయింది.

మా వాడి వాదన కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. "చవక ఫోను రెండేళ్ళకే ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఖరీదైనది కొంటే నీ దగ్గరికి వచ్చేసరికి కూడా బాగా పనిచేస్తుంది. కాబట్టి నాకు కొనడమంటే నీకు కొనడమే" అంటాడు. సగం ఒప్పుకుంటాను. మంచి ఫోను నాలుగో ఏడు కూడా చవక ఫోను మొదటి ఏడుకంటే చురుగ్గా ఉండొచ్చు. ఒప్పుకోని సగం ఏమిటంటే, ఆ వాదనలో నాకు కావలసింది ఎప్పుడూ మూడేళ్ళ తర్వాతే వస్తుంది. ఓటీపీ ఈ రోజు రావాలి. బ్యాంకు యాప్ ఈ రోజు తెరుచుకోవాలి. మంచి ఫోను కిందికి పారుతుందన్నది నిజమైతే, పారే రోజు కూడా ముందే చెప్పాలి.

అందుకని ఈ పట్టుబడి డబ్బు వచ్చాక మా ఇంట్లో వరస తిరగేశాం. ముందు ఆఖరి చేయి. అత్తయ్యగారికి అప్‌డేట్లు బతికున్న, స్పీకరు గట్టిగా వినపడే ఓ మామూలు కొత్త ఫోను. తర్వాత నా ఫోనుకి కొత్త బ్యాటరీ. మిగిలిన డబ్బులోంచి అబ్బాయి వాటా, వాడి చదువు పూర్తయ్యేదాకా దాటకుండా ఒక హద్దు. ఆ హద్దు రూపాయల్లో పెట్టాం, మోడల్ పేరుతో పెట్టలేదు. మోడల్ పేరుతో పెడితే పుకారుతోపాటు అదీ పెరుగుతుంది.

ఇంకో రెండు కట్టుబాట్లు కూడా పెట్టుకున్నాం. ధర అనేది షాపువాడు బిల్లు మీద రాసేదాకా ఇంట్లో ఎవరూ దాని మీద లెక్కలు వేయకూడదు. కొత్త ఫోను కొన్నవాళ్ళు పాతది కింది చేతికి ఇచ్చేటప్పుడు బ్యాటరీ తమ డబ్బుతో మార్పించి, తమ ఫొటోలన్నీ తీసేసి, ఇంకా ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. మొదట్లో మా వారు కూడా నవ్వారు. ఆయన ఫోను నాకు రావాల్సిన సమయం దగ్గరపడేసరికి బ్యాటరీ ధర ఎంతో కనుక్కుని వచ్చారు.

మీ ఇంట్లో ఈ రోజు సాయంత్రం అన్ని ఫోన్లూ ఒక్కచోట పెట్టి చూడండి. ఏది ఎప్పటిదో, దేనికి అప్‌డేట్లు ఆగిపోయాయో, ఓటీపీలు దేనికి వస్తున్నాయో ఒక పక్క రాయండి. కొత్త ఫోను ఎవరికి కావాలో ఆ జాబితానే చెబుతుంది.